మినుముల రోడ్డు మీద మూడు బుడ్డకార్లు

సాయంత్రం పూట మా వీధిలో మోటారు పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు ముగ్గురు నలుగురు మా ఇంటి మెట్ల మీద చేరతారు. ఫోనులో ఏదో ఒక చిన్న కారు బొమ్మ చూపిస్తారు. కారు ఒకటే, అందులో వేగంగా వెళ్ళే రకాలు మాత్రం మూడో నాలుగో ఉంటాయి. ఒకదానికి టర్బో, ఒకదానికి వెడల్పు టైర్లు, ఇంకోదానికి వెనక రెక్క. "ఇన్నేళ్ళు పని చేశారు కదా, వీటిలో ఏది ఫాస్టో చెప్పండి తాతగారూ" అంటారు. నేను కళ్ళజోడు సర్దుకుని, గంభీరంగా చూసి, "ఏ రోడ్డు మీద?" అంటాను. ముసలాయనకి తెలియక దాటేస్తున్నాడని వాళ్ళు లోలోపల నవ్వుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. దాన్ని నేర్చుకోవడానికి ఒక కారు కాల్చాను. కారు పూర్తిగా కాలలేదు గాని, పరువు మాత్రం పూర్తిగా కాలింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను. ఎప్పుడు ఎక్కడ చేరాను, ఎప్పుడు మేస్త్రీనయ్యాను, నాకు శాలువా ఎవరు కప్పారు అనేవి ఇందులో ఉండవు. శాలువా ఎవరూ కప్పలేదు కాబట్టి ఆ భాగం వదిలెయ్యడం తేలికే.

హ్యాండ్ బ్రేకు

మాది పెదపారుపూడి దగ్గర ఒక పల్లె. మా నాన్న వ్యవసాయ కూలీ, ఆదివారం చర్చిలో డోలు వాయించేవాడు. నాకు దేవదానం అని పేరు పెట్టి, ఎలాగైనా పాస్టరు గారిని చెయ్యాలనుకున్నాడు. నాకేమో పొలాల్లోకి వచ్చే ట్రాక్టరు చప్పుడు కీర్తనల కంటే బాగుండేది. చివరికి బందరు వచ్చి మస్తాన్ సాయిబు గారి మోటారు షెడ్డులో తేలాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి డెబ్బైల చివర్లో జరిగింది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. షెడ్డులో సాయిబు గారి తరువాత నేనే. అంటే షెడ్డులో ఉన్నది ఇద్దరమే.

సాయిబు గారు సన్నటి మనిషి. తెల్ల లుంగీ కట్టేవారు. దాని మీద నూనె మరక ఒక్కటి పడేది కాదు. అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. నేను షెడ్డు గుమ్మం తొక్కితే చాలు, చెవుల దాకా గ్రీజే. బండి రాగానే ఆయన ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవారు. టైర్లకి అంటిన మట్టి చూసేవారు. నడిపి తెచ్చినవాడి చెప్పులు కూడా చూసేవారు. ఆ తరువాతే బానెట్ ఎత్తేవారు. నాకదంతా చాదస్తంలా కనిపించేది. నేను బండి ఆగకముందే స్పానర్ తీసేవాణ్ణి.

ఒకసారి మోపిదేవిలో మొక్కు తీర్చుకుని వస్తున్న కుటుంబం ఒకటి మా షెడ్డు ముందు కారు ఆపింది. "బండి లాగడం లేదండీ. ఏదో వెనక్కి పట్టుకున్నట్టు ఉంది" అన్నాడు ఇంటాయన. సాయిబు గారు నమాజుకి వెళ్ళారు. నా తెలివి చూపించడానికి ఇదే అదననుకున్నాను. ఇంజన్‌కి గాలి, పెట్రోలు కలిపి పట్టే కార్బురేటరు విప్పాను. జెట్లు ఊదాను. ప్లగ్గులు గీకాను. పాయింట్లు సరిచేశాను. చెట్టు కింద పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, "ఐపోయింది, ఐపోయింది" అంటూ ఇంకో నట్టు విప్పుతున్నాను. గంటన్నర గడిచాక సాయిబు గారు వచ్చారు. కారు చుట్టూ తిరిగి, వెనక చక్రం మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశారు. అది నిప్పులా కాలుతోంది. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, సగం ఎత్తి ఉన్న హ్యాండ్ బ్రేకుని కిందకి దించారు. అంతే.

వాళ్ళు వెళ్ళిపోయాక నాకో గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి, "దానం, ఆయన ఏం చెప్పాడయ్యా?" అని అడిగారు.

"లాగడం లేదన్నాడండి."

"ఆ తరువాత?"

"ఏదో వెనక్కి పట్టుకున్నట్టు ఉందన్నాడండి."

"మరి పట్టుకున్నదేందో చూడకుండా, లాగేదాన్ని విప్పావేం?"

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నా మొదటి మాట ఇదే. బండి తెచ్చినవాళ్ళు జబ్బేమిటో చాలాసార్లు వాళ్ళ నోటితోనే చెప్పేస్తారు. మనం మాత్రం మనకి ఇష్టమైన మాట ఒక్కటే వింటాం. నాకు ఇంజన్ ఇష్టం కాబట్టి ఇంజన్ గురించిన మాటే వినపడింది. ఇంత అవమానం జరిగాక బుద్ధి వచ్చి ఉంటుందని మీరు అనుకోవచ్చు. రాలేదు.

రాంబాబు గారి హారన్

అప్పట్లో మా వైపు కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. వాటిలో ఒక చిన్న కారు ఉండేది. కంపెనీ పేరు మనకెందుకు, అందరూ దాన్ని బుడ్డకారు అనేవాళ్ళు. రెండే తలుపులు, గుండ్రటి లైట్లు. నలుగురు ఎక్కాక అయిదో మనిషి ఎక్కాలంటే కాళ్ళు ఇంట్లో పెట్టి రావాలి. గట్టి బండే గాని నిదానస్తురాలు. మా షెడ్డుకి కూడా పాత బుడ్డకారు ఒకటి ఉండేది. బెజవాడ నుంచి సామాన్లు తేవడానికి సాయిబు గారు దాన్ని వాడేవారు. మేం దాన్ని ముసలిది అనేవాళ్ళం.

గుడివాడలో రైస్ మిల్లు వారి అబ్బాయి రాంబాబు గారికి కూడా ఒక బుడ్డకారు ఉండేది. ఆయన బాధ ఏమిటంటే, గుడివాడ నుంచి బందరు వచ్చే ఎక్స్‌ప్రెస్ బస్సు రోజూ ఆయన్ని దాటి పోయేది. దాటితే దాటింది, ఆ డ్రైవరు దాటేటప్పుడు ఒక పెద్ద హారన్ కొట్టి మరీ పోయేవాడు. "దేవదానం గారూ, నాకు ఇంకేం అక్కర్లేదండీ. ఒక్కసారి ఆ హారన్ నేను కొట్టాలి" అన్నారు రాంబాబు గారు.

ఆ మాట వినడానికే నేను పుట్టాననిపించింది. పాత ఇనుము బజారులో వెతికి ఇంకో కార్బురేటరు తెచ్చి, ఆ కారుకి రెండు బిగించాను. రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి, రబ్బరు గొట్టం ఒక కొన చెవిలోను, ఇంకో కొన కార్బురేటరు మూతిలోను పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. మా ఆవిడ మార్త అన్నం తెచ్చి పిలిస్తే వినపడలేదు. "ఆ గొట్టం నా దగ్గర కూడా పెట్టి వినండి ఒకసారి" అని క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

మొదటి రోజే రాంబాబు గారు గుడ్లవల్లేరు దగ్గర బస్సుని దాటేశారు. హారన్ కొట్టారు. ఒకసారి కాదు, పెడన దాకా కొడుతూనే వచ్చారట. పెడన దాటగానే పెట్రోలు అయిపోయింది. రెండు నోళ్ళున్న బండి ఎక్కువ తాగుతుందని చెప్పడం నేను మర్చిపోయాను. వెనక నుంచి బస్సు తాపీగా వచ్చి పక్కనే ఆగింది. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "రాంబాబు గారూ, ముందు సీటు ఖాళీగానే ఉందండీ" అన్నాడట.

రాంబాబు గారు మంచి మనిషి, నవ్వేశారు. నాకు మాత్రం పేరొచ్చింది. బందరులో దేవదానం బుడ్డకారుని గుర్రం చేస్తాడని నలుగురూ అనుకోవడం మొదలుపెట్టారు. ఆ అనుకోవడంలో సగం నేను అనిపించిందే.

డాక్టరమ్మ గారు అడిగింది

గుడివాడలో లీలావతి గారు కాన్పుల డాక్టరు. నలభై అయిదేళ్ళుంటాయి. డెబ్బై ఏడు ఉప్పెన తరువాత వైద్యం చెయ్యడానికి దివిసీమ వెళ్ళి, ఆ ఊళ్ళని చూశాక ఊరుకోలేక, వారానికి రెండు రోజులు అక్కడే తిరిగేవారు. ఆవిడదీ బుడ్డకారే. తనే నడుపుకునేవారు.

ఒక రోజు షెడ్డుకి వచ్చి, "దేవదానం, నా కారుకి రెండు పనులు చెయ్యాలి" అన్నారు. "వెనక భాగం కోసి, తలుపు పైకి లేచేట్టు పెట్టాలి. వెనక సీటు తీసెయ్యి. మనిషిని పడుకోబెట్టి లోపలికి తొయ్యడానికి వీలుండాలి. రెండోది, నేను ఇంకా త్వరగా చేరాలి. కిందటి నెల కోడూరు అవతల ఒక పిల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది." చివరి మాట అనేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. కారు మీద ఎండిపోయిన బురదని గోటితో గీకుతూ ఉండిపోయారు.

ఎందుకు ఆలస్యమైందండీ అని నేను అడగాలి. అడిగి ఉంటే చెప్పేవారు. కాలవగట్టు మీద గుంటలో కారు అడుగు పట్టేసి, ఎవరో వచ్చి ఎత్తేదాకా గంటసేపు రోడ్డు పక్కన నిలబడ్డారట. ఆ బురద కూడా అదే చెబుతోంది. సాయిబు గారైతే బురద చూసేవారు. నేను "ఇంకా త్వరగా" అన్న ముక్క పట్టుకుని ఎగిరాను.

వెనక తలుపు పని సాయిబు గారు చేశారు. కీళ్ళు పైన పెట్టి, ఒంటి చేత్తో ఎత్తితే గొడుగులా లేచి నిలబడేట్టు బిగించారు. ఇప్పుడు హ్యాచ్‌బ్యాక్ అని గొప్పగా చెప్పుకుంటున్నారే, మా బందరులో అది ఆ రోజే తయారైంది. ఆ కారులో సక్రమంగా జరిగిన పని అదొక్కటే. మిగతా పనంతా నాది. జోరు పెరగడానికి ఇంజన్ హెడ్డు అరగదీయించాను. రెండు కార్బురేటర్లు పెట్టాను. సైలెన్సరు పీకేసి, కారు పొట్ట కిందుగా సూటి గొట్టం వేశాను. ఇంజన్ కింద రాళ్ళు తగలకుండా ఉండే అడుగు రేకు బరువని తీసేశాను. స్ప్రింగులు రెండేసి చుట్లు కోసి, కారుని బెత్తెడు కిందకి దించాను. స్టెప్నీ, జాకీ కూడా బరువేగా అని తీసి షెడ్డు మూలన పెట్టాను. వీటిలో ఒక్కటి కూడా ఆవిడని అడిగి చెయ్యలేదు.

సాయిబు గారు కారు చుట్టూ తిరిగి, వంగి చూశారు. "నేలకి ఇంత దగ్గరగా ఎందుకయ్యా?"

"రోడ్డుని పట్టుకుని పోతుందండీ."

"రోడ్డు కూడా దాన్ని పట్టుకుంటుందేమో చూసుకో" అన్నారు.

సుద్దముక్క రాత

కారు తయారయ్యాక ఏది ఫాస్టో తేల్చకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. ఒక ఆదివారం తెల్లారగానే, బందరు పొలిమేర నుంచి పెడన ఊరి మొదలు దాకా మూడు బుడ్డకార్లూ ఒకదాని తరువాత ఒకటి నేనే నడిపాను. రాంబాబు గారు పక్కన చేతిగడియారం పట్టుకుని కూర్చున్నారు. చర్చికి వెళ్ళాల్సిన వేళ ఈ పనేమిటని మార్త అడిగితే, ఇది కూడా ఒక రకం సేవే అని చెప్పాను.

రాంబాబు గారి కారు ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకుంది. మొదట్లో బాగా లాగినా, వేడెక్కాక దగ్గడం మొదలెట్టింది. ముసలిది దారిలో కనపడ్డ కుక్కలకి కూడా దారి ఇస్తూ పదమూడు నిమిషాలకి చేరింది. డాక్టరమ్మ గారి కారు ఏడు నిమిషాలకే చేరింది. మలుపుల్లో ఒరగదు, గాలికి ఊగదు, గొట్టం చప్పుడుకి చెట్ల మీద కొంగలు లేచిపోయాయి. షెడ్డుకి వచ్చి సుద్దముక్క తీసుకుని గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను. మొదటిది డాక్టరమ్మ గారిది, రెండోది రాంబాబు గారిది, మూడోది ముసలిది. ముసలిది అన్న మాట కింద గీత కూడా గీశాను. వచ్చినవాళ్ళందరికీ నేనే చదివి వినిపించాను. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నేను అలికి, ముగ్గులు పెట్టి, పిండివంటలు కూడా పంచేశాను.

సాయిబు గారు గోడ చూసి, "ఆదివారం పొద్దున్నే రోడ్డు మీద ఏమీ ఉండదు కదయ్యా" అని మాత్రం అన్నారు. ఓడిపోయిన బండి ఆయనది కాబట్టి అలా అంటున్నారని అనుకున్నాను.

నాంచారమ్మ మినుములు

కొత్తవాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మా కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో మినుము వేస్తారు. వేసవి మొదట్లో మొక్కలు పీకి, ఎండబెట్టి, తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. సాయంత్రానికి ఊడ్చి, తూర్పారబట్టి ఇంటికి పట్టుకెళ్తారు. రోడ్డు వేసింది బండ్ల కోసమని ప్రభుత్వం అనుకుంటుంది. మా రైతులు కళ్ళం కోసమనుకుంటారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు నేను కూడా మా నాన్నతో పాటు ఆ మినుములు ఊడ్చినవాణ్ణే.

డాక్టరమ్మ గారు కారు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు, పదింటప్పుడు షెడ్డులో ఫోను మోగింది. నేనే ఎత్తాను. కోడూరు నుంచి ఒక నర్సమ్మ. గుడివాడ ఆసుపత్రికి చేస్తే డాక్టరు గారు మా షెడ్డులో ఉంటారని చెప్పారట. పాలకాయతిప్ప దారిలో ఒక పల్లెలో తొలి కాన్పు పిల్ల నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది, బిడ్డ అడ్డం తిరిగింది, కదిలించి తీసుకురావడానికి లేదు. నేను డాక్టరమ్మ గారికి ఫోను ఇచ్చే ముందు, "మీరేం భయపడకండమ్మా, మా కారు ఈ చుట్టుపక్కల అన్నిటికంటే ఫాస్టు, ఇట్టే వచ్చేస్తాం" అన్నాను. అడగకుండానే అన్నాను.

ఆవిడ ఫోను పెట్టేసి, సంచీ కారులో వేసి, "నువ్వు కూడా ఎక్కు దేవదానం. దారిలో ఏమన్నా అయితే నువ్వుండాలి" అన్నారు. ఆ మాట నాకు బిరుదులా వినపడింది.

చల్లపల్లి దాకా రోడ్డు బాగానే ఉంది. కారు దూసుకుపోయింది. చల్లపల్లి దాటగానే, కనుచూపు మేర రోడ్డంతా మినుము పరిచి ఉంది. ఆవిడ వేగం తగ్గించి, "దీని మీద నుంచి పోవచ్చా? బాగా కిందకి దించేసినట్టున్నావే" అన్నారు.

"ఏం కాదండీ, పోనివ్వండి. లారీలే పోతున్నాయి" అన్నాను.

లారీ పొట్ట మోకాలెత్తున ఉంటుంది. మన కారు పొట్ట చెప్పు ఎత్తున ఉంది. ఎండిన తీగలు దాని కింద దూరి, ఇరుసుకి చుట్టుకుని, ఉండలు కట్టాయి. ఆపడానికి అడుగు రేకు లేదు. ఎర్రగా కాలిన నా సూటి గొట్టం మాత్రం వాటికోసమే చూస్తున్నట్టు ఉంది. ముందు కమురు కంపు వచ్చింది. తరువాత కాళ్ళ కింద పొగ. ఆవిడ కారు పక్కకి తీసి ఆపేసరికి కింద మంట కనిపించింది.

ఇద్దరం బయటికి దూకాం. సంచీ ఆవిడ చేతిలోనే ఉంది. నేను కింద పడుకుని తీగలు లాగబోతే మంట ఒక నాలుక చాపింది, కుడివైపు మీసం పోయింది. ఇంతలో చేలోంచి ఒక పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. ఆ మినుములు ఆవిడవే. పేరు నాంచారమ్మ అని తరువాత తెలిసింది.

"కళ్ళు నెత్తికెక్కినయ్యా ఏందయ్యా? సగం చేను ఈడ్చుకొచ్చి తగలబెడతన్నావు గదయ్యా!" అని తిడుతూనే, గోతాలు కాలవలో ముంచి తెచ్చి కారు కిందకి విసిరింది. ఒక గోతాం నా మొహానికే తగిలింది. గురి తప్పి తగిలిందని నేను అనుకోను. డాక్టరమ్మ గారు కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని దోసిళ్ళతో బురద తెచ్చి పోశారు. మంట ఆరింది. పెట్రోలు ఇంజన్‌కి తెచ్చే రబ్బరు గొట్టం మాత్రం మైనంలా కారిపోయింది. ఇక ఆ కారు కదలదు.

(ఆవిడ మినుములకి నష్టం ఎలా తీర్చానని అడుగుతారేమో. ఆ తరువాత రెండు రోజులు వాళ్ళ చేలో ఎండలో నిలబడి కర్రతో మినుము కొట్టాను. ఒంటి మీసంతో కొట్టాను. నాంచారమ్మ గారు గట్టు మీద కూర్చుని, "ఇంకొంచెం స్పీడు పెంచవయ్యా" అనేది.)

డాక్టరమ్మ గారు గడియారం చూసుకున్నారు. "ఇంకా ఎంత దూరం?"

"మోపిదేవే రాలేదండీ. ఏటి మీద అక్విడెక్టు వంతెన దాటాలి, అవనిగడ్డ దాటాలి..."

"బస్సు?"

"ఇంకో గంటకి గాని లేదండీ."

ఆవిడ సంచీ భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టారు. నేను వెనక పరుగెత్తి సంచీ అందుకోబోతే ఇవ్వలేదు. కాన్పు కేసని విన్నాక నాంచారమ్మ గారు తిట్టడం ఆపేసి, "అయ్యో తల్లీ, బండి కడతానుండు" అని ఎద్దుల కోసం చేలోకి పరుగెత్తింది. ఫాస్టు కారు తయారుచేసిన మనిషిని నేను. డాక్టరు గారిని ఎద్దుబండి ఎక్కించే దాకా తెచ్చాను. అక్కడ అవతల ఒక పిల్ల నా ఫోను మాట నమ్ముకుని ఎదురు చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

అప్పుడు వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. రోజూ వినే చప్పుడే, ముసలిది. పరిచిన మినుము మీద నుంచి, పెళ్ళివారు నడిచినంత నిదానంగా, నిటారుగా వస్తోంది. తీగలు దాని పొట్ట కింద ఒదిగి పోతున్నాయి. ఉన్న స్ప్రింగులు ఉన్నట్టే ఉన్నాయి, అడుగు రేకు ఉంది, సైలెన్సరు ఉంది. సాయిబు గారు మా పక్కన ఆపి, వెనక సీటు వైపు చూపించారు.

"స్టెప్నీ మర్చిపోయావయ్యా" అన్నారు.

ముసలిది

డాక్టరమ్మ గారు ముందు కూర్చున్నారు. నేను వెనక, ఒళ్ళో స్టెప్నీ పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని పక్కన పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలనిపించలేదు.

ఆ ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అదే దాని గొప్పతనం. మినుము పరిచిన చోట సాయిబు గారు నెమ్మదిగా తొక్కుకుంటూ పోయారు. గేదెలు అడ్డం వస్తే వాటి వెనకే వెళ్ళి, సందు దొరకగానే దాటారు. కాలవగట్టు గుంటల్లో పడవలా దిగి పడవలా లేచింది. ఎక్కడా జోరు లేదు, ఎక్కడా ఆగడం లేదు. వెనక కూర్చుని నేను స్ప్రింగు ఎగిరినప్పుడల్లా, నేను కోసిన రెండు చుట్లని లెక్కపెట్టుకున్నాను.

ఆ పల్లె చేరేసరికి మధ్యాహ్నం అవుతోంది. ఉప్పెన తరువాత కట్టిన కొత్త ఇళ్ళు ఓ వరుస. ఒక గుమ్మం దగ్గర ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. నర్సమ్మ ఎదురొచ్చి డాక్టరమ్మ గారి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. తలుపు వేశారు. ఆ పిల్ల మొగుడు నాగేశు, పడవ పని చేసే కుర్రాడు, ఇసకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఉప్పెనలో వాళ్ళమ్మ, నాన్న ఇద్దరూ పోయారని, అతనికి మిగిలింది ఆ పిల్ల ఒక్కతేనని పక్కనున్న ముసలాయన చెప్పాడు.

నేను ప్రార్థన చెయ్యాలనుకున్నాను. పాస్టరు గారిని చెయ్యాలనుకున్న తండ్రికి పుట్టినవాణ్ణి, కనీసం ఒక్క కీర్తన అయినా రావాలి. కళ్ళు మూసుకుంటే నోటికి వచ్చింది ఇంజన్ సిలిండర్లు మండే వరస. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. అదే అనుకుంటూ కూర్చున్నాను. దేవుడికి ఎలా అర్థమైందో తెలియదు. సాయిబు గారు కొంచెం దూరంలో కొబ్బరిచెట్టు నీడన కూర్చుని, పెదవులు కదుపుతూ ఉన్నారు. ఆయన లుంగీ అంచుకి నల్లగా మరక పడి ఉంది. స్టెప్నీ ఎత్తినప్పుడు అంటుకున్నట్టుంది. ఇన్నేళ్ళలో ఆయన బట్టల మీద నేను మరక చూడడం అదే మొదలు.

ఎంతసేపయిందో చెప్పలేను. లోపల నుంచి ఒక సన్నటి ఏడుపు వినపడింది. తరువాత అది గట్టిగా అయింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. నాగేశు లేవబోయి, కాళ్ళు తిమ్మిరెక్కి మళ్ళీ కూలబడ్డాడు.

డాక్టరమ్మ గారు బయటికి వచ్చి చేతులు కడుక్కున్నారు. "ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని." ఆ చివరి మాట నాకేనని తెలుసు. తరువాత నా వైపు తిరిగి, మెల్లగా అన్నారు. "దేవదానం, స్ప్రింగులు మళ్ళీ ఎత్తు. అడుగు రేకు వెయ్యి. సైలెన్సరు పెట్టు. స్టెప్నీ కారులోనే ఉండాలి."

"అలాగేనండీ. ఆ రెండో కార్బురేటరు కూడా పీకేస్తానండీ."

"అదెందుకు పీకుతావు? వేగం నాకేమన్నా చేదా?" అన్నారు. అప్పుడు మొదటిసారి నవ్వారు. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆవిడ ఆ కారునే నడిపారు. ఎత్తుగా, బరువుగా, రెండు కార్బురేటర్లతో, వెనక తలుపు గొడుగులా లేపుకుని. నా చేతి మీదుగా తయారైన వాటిలో చెప్పుకోదగ్గది అదే. దాని కొలతలు నావి కావు, ఆవిడవి.

బయల్దేరుతుంటే నాగేశు కొబ్బరి బోండాలు కొట్టి తెచ్చాడు. నా కాలిన మీసం వైపు చూశాడు గాని, మర్యాద తెలిసినవాడు, అడగలేదు.

"శానా స్పీడుగా వచ్చారండీ. పొద్దుగూకితే గాని రారనుకున్నాం" అన్నాడు. "ఫోనులో చెప్పారంట గదండీ, మీ కాడ ఉన్న కార్లు అన్నిట్లోకీ ఫాస్టుది ఎక్కించుకొస్తన్నామని. నర్సమ్మ చెబితేనే మా దానికి ధైర్యం వచ్చిందండీ." ముసలిదాని వైపు తిరిగాడు. దాని నిండా దుమ్ము, బంపరుకి మినుప తీగలు వేలాడుతున్నాయి. "అదేనాండీ ఇది?"

సాయిబు గారు బోండాం చేతిలో పట్టుకుని నా వైపు చూస్తున్నారు. డాక్టరమ్మ గారు కూడా చూస్తున్నారు.

"అవునయ్యా, ఇదే" అన్నాను.

అతను వెళ్ళి, ఇంకా వేడిగా ఉన్న ఆ బానెట్‌కి రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకున్నాడు. ఏది ఫాస్టు అని ఇన్నేళ్ళలో నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. తప్పు లేకుండా నేను చెప్పిన జవాబు ఆ ఒక్కటే.